పడవా, వంటచెరకా?

కిందటి నెల మన గ్రూపులో నేనొక ఫొటో పెట్టాను, గుర్తుందా? చిరిగిన నీలం టార్పాలిన్ కింద, గడ్డి మొలిచిన యార్డు మూలన, పెయింట్ పొట్టు పొట్టుగా లేచిపోయిన చెక్క పడవ. "అది పడవా, వంటచెరకా?" అని బర్మింగ్‌హామ్ అక్క అడిగింది. దాని కింద బోలెడన్ని నవ్వుల బొమ్మలు. నేనూ నవ్వాను. కానీ ఆ ఫొటో మూడేళ్ల కిందటిది, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. తర్వాత ఏమైందో రాయమని ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టారు. అందులో ఇద్దరి ఇళ్లలో మగవాళ్లు ఇప్పటికే ఇలాంటి ప్రకటనలు రాత్రిపూట చూస్తున్నారట. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మేముండేది ఎసెక్స్‌లో, సముద్రం వేళ్లలాగా నేలలోపలికి చొచ్చుకొచ్చే చోట. పోటు వస్తే నిండు కాలవ, ఆటుకి ఒట్టి బురద. నేను పదహారేళ్లుగా ఇక్కడ నర్సుని. మావారిది సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు పని. ఆ సెప్టెంబరులో కాంట్రాక్టు ఆగిపోయింది. ఆయనకి నలభై తొమ్మిదేళ్లు. మొదటి నెల వంద దరఖాస్తులు పెట్టారు, రెండో నెల ఇరవై. మూడో నెలకి పొద్దున్నే లేవడం మానేశారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కర్టెన్లు వేసినవి వేసినట్టే ఉండేవి. వార్డులో ఇంకెవరి భర్తో అయితే "జీపీ దగ్గరికి తీసుకెళ్లమ్మా" అని నేనే చెప్పేదాన్ని. మా ఇంట్లో ఆ మాట నా నోటికి రాలేదు.

జనవరిలో ఒకరోజు జాయింట్ ఎకౌంట్‌లోంచి తొమ్మిది వందల పౌండ్లు పోయాయి. ఎవరో మోసం చేశారనుకుని బ్యాంకుకి ఫోన్ చేయబోయాను.

"ఏవండీ, ఇదేంటి?"

"పడవ."

"ఏ పడవ?"

"తెరచాప పడవ. చెక్కది. చాలా తక్కువకి ఇచ్చాడు."

డబ్బు కంటే నన్ను అడక్కుండా ఇవ్వడమే ఎక్కువ బాధేసింది. అప్పుడు ఇల్లు నడుస్తున్నది నా జీతంతో, ఆదివారాలు నేను అదనంగా చేసే షిఫ్టులతో. పైగా పాప పై ఏడాది యూనివర్సిటీకి వెళ్లాలి. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు వెళ్లి చూశాను. ఆ ఫొటో అప్పుడు తీసిందే, మా చెల్లికి పంపి ఏడవడానికి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత చెక్క పడవ కొని చూడు అనలేదంటే, అవి ఇంత చవగ్గా దొరుకుతాయని వాళ్లకి తెలియకపోబట్టే. ఇక్కడ ఒక పౌండుకీ, ఊరికే కూడా ఇచ్చేస్తుంటారు. ఎందుకిస్తారో నాకు తర్వాత తెలిసింది. పడవ కదలకుండా నిలబడ్డా యార్డుకి నెలనెలా అద్దె కట్టాలి. విరగ్గొట్టించి పారేయించాలన్నా డబ్బే. అంటే ఆ పడవ యజమానికి ఆస్తి కాదు, నెలవారీ బాకీ. దాన్ని ఇంకొకరి మెడకి తగిలిస్తే ఆయన బతికిపోతాడు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతారని మనవాళ్లు అంటారు కదా, ఇది అలాంటిదే.

మాకు తగులుకున్నదీ అదే. అమ్మినాయన ఏడాదిగా అద్దె కట్టలేదు. పాత బాకీ 1,140 పౌండ్లు తీరేదాకా పడవని కదలనివ్వమన్నారు యార్డువాళ్లు. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. మేమే కట్టాం. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా పడవ చూడ్డానికి బయల్దేరితే, పడవ దగ్గరికి కాదు, ముందు యార్డు ఆఫీసుకి వెళ్లమనండి. బాకీ ఎంతుందో, యార్డు ఇంకెన్నాళ్లు ఉండనిస్తుందో, అద్దె ఎంతో వాళ్లనే అడగాలి. ఇక్కడ కార్లకున్నట్టు ప్రతి చిన్న పడవకీ తప్పనిసరి రిజిస్ట్రేషన్ లేదు. అందుకని అమ్మేవాడే యజమాని అని చూపించే పాత అమ్మకపు కాగితాలు అడిగి తీసుకోవాలి. మావారు ఒక చేతిరాత కాగితం తెచ్చుకుని మురిసిపోయారు.

పడవ రకం పేరు ఫోక్‌బోట్. అంటే జనం పడవ. ఖరీదైన పడవలు కొనలేని మామూలు కుటుంబాల కోసం 1942లో స్వీడన్‌లో టోర్డ్ సుండేన్ అనే ఆయన గీసిన నమూనా. పొడవు 7.68 మీటర్లు, అడుగున టన్నుకు పైగా ఇనుము. పలక అంచు మీద పలక అంచు ఎక్కించి, పెంకుటిల్లు కప్పినట్టుగా, రాగి మేకులతో బిగిస్తారు. 1960లో ఒంటరిగా అట్లాంటిక్ దాటే పందెం మొదటిసారి జరిగినప్పుడు రెండో స్థానంలో వచ్చిన జెస్టర్ అనే పడవ ఈ రకాన్నే కాస్త మార్చి చేసింది. ఇవన్నీ మావారు నాకు భోజనాల దగ్గర చెప్పారు. మూడు నెలల తర్వాత ఆయన వరసగా పది వాక్యాలు మాట్లాడడం అదే. నేను విననట్టే కంచం కడిగాను గానీ, విన్నాను.

ఒక్క షరతు పెట్టాను. ఇంకో పౌండు ఖర్చు పెట్టేముందు చెక్క పడవలు తెలిసిన సర్వేయరుని పిలిపించాలి. కొనకముందు చేయాల్సిన పనే, మేం కొన్నాక చేశాం. 480 పౌండ్లు. మొత్తం ఖర్చులో అంత సార్థకమైన ఖర్చు ఇంకోటి లేదు.

ఆయన పరీక్ష చేస్తుంటే నాకు వార్డు రౌండే గుర్తొచ్చింది. చిన్న సుత్తితో పలక పలకా తట్టుకుంటూ పోయాడు. కొబ్బరికాయ కొనేటప్పుడు, కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ? గట్టి చెక్క ఠంగుమంటుంది, కుళ్లింది దబ్‌మంటుంది. దబ్‌మన్న చోట సన్నటి మొన గుచ్చి చూశాడు. తెరచాప స్తంభం కింద, వెనక పలక మూలల్లో, డెక్కు పక్కలకి కలిసేచోట మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. పైన మాత్రం నున్నగా తెల్ల పెయింటు. పైన పటారం, లోన లొటారం. లోపల పక్కటెముకల్లాంటి వంపు బద్దలుంటాయి, అవి పదకొండు విరిగి ఉన్నాయి. అడుగునున్న ఇనప దిమ్మని పడవకి పట్టి ఉంచే బోల్టులు బయటికి కనబడవు కాబట్టి, ఒకటి రెండు బయటికి లాగించి చూడాలన్నాడు. లేకపోతే ఎక్స్‌రే తీయించుకోవచ్చట! పడవకి ఎక్స్‌రే ఏమిటని నవ్వబోయి, ఆ బోల్టులు తెగితే ఏమవుతుందో తట్టి ఆగిపోయాను.

ఆయన చెప్పినవాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం వేరు. చెక్క పడవకి శత్రువు సముద్రం కాదట, వాన. ఉప్పునీటిలో కుళ్లు తెచ్చే బూజు అంత తేలిగ్గా పెరగదు. ఒడ్డున పెట్టి, టార్పాలిన్ చిరిగి, వాననీళ్లు లోపల నిలిచి, గాలాడకపోతే మాత్రం నాలుగైదేళ్లలో లోపల్నుంచి తినేస్తుంది. నీళ్లల్లో తిరిగినన్నాళ్లూ పడవ బాగానే ఉంది, దాచిపెట్టాకే పాడైంది. వింటూ మావారి వైపు చూశాను. ఆయన సర్వేయరు సుత్తినే చూస్తున్నారు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద నోటుబుక్కు పెట్టి లెక్క రాశాం. అప్పటికే పోయింది 2,520. ఇకమీద అద్దెతో సహా 6,000 దాటకూడదు. ప్రతి పౌండూ పుస్తకంలో రాయాలి. పాప డబ్బు జోలికి వెళ్లకూడదు. ఇంకొకటి, ఆయన జీపీ దగ్గరికి వెళ్లాలి. చివరిది అడగడానికి నాకు పడవ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన "సరే" అన్నారు. వెళ్లారు కూడా.

ఇక పని. యార్డులో డెబ్భై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన పక్క పడవ మీద పనిచేసేవాడు. సలహా ఒక్కటీ అడగకుండా ఇచ్చేవాడు కాదు, అడిగితే మాత్రం రోజంతా చెప్పేవాడు. కుళ్లు కోసేటప్పుడు మావారు మొదట్లో పొదుపు చేశారు, నల్లబడ్డంత వరకే తీసి కొత్త చెక్క అతికిద్దామని. అది చూసి నాకే కోపం వచ్చింది. కుళ్లిన పుండు కడిగేటప్పుడు మేం ఆరోగ్యమైన కండ వచ్చేదాకా తీసేస్తాం. పైపైన తీసి కట్టు కడితే వారానికి లోపల మళ్లీ చీము. ఉలి నేను తీసుకున్నాను. నలుపు దాటి, మెత్తదనం దాటి, గట్టిగా పచ్చివాసన వచ్చే చెక్క తగిలేదాకా కోశాను. చేతివెడల్పు అనుకున్న చోట మూరెడు పోయింది. పెద్దాయన దూరం నుంచి చూసి ఏమీ అనలేదు, టీ మాత్రం తెచ్చి ఇచ్చాడు.

ఇక్కడ నర్సుగా నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే అమ్మకపు ప్రకటనల్లో ఇవి రాయరు. పాత పడవల పెయింట్లలో సీసం ఉంటుంది. దాన్ని పొడిగా గీకితే వచ్చే దుమ్ము ఒంట్లోకి పోతే మంచిది కాదు, చిన్నపిల్లలకీ గర్భిణులకీ అసలే కాదు. తడిచేసి గీకాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, ఆ బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు. అడుగున నాచు పట్టకుండా వేసే పెయింటు విషమే. పాత ఇంజను గొట్టాల చుట్టూ చుట్టిన తెల్ల పట్టీలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, చేత్తో పీకొద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దచేసి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది నేను నమ్మలేదు. ఒక సాయంత్రం మా షెడ్డులో బకెట్ దగ్గర కమురు వాసన వచ్చి, చెయ్యి పెడితే గుడ్డల ముద్ద లోపల అన్నం గిన్నెలా వేడిగా ఉంది. అప్పట్నుంచీ ఒక్కో గుడ్డా విడిగా దండెం మీద ఆరేస్తాం.

మొదటి వేసవిలో ఇంకో పెద్ద తప్పు తప్పిపోయింది. ఎండకి చెక్క ఎండి, పలకల మధ్య సందులు వచ్చాయి. వేలు దూరేంత కాదుగానీ వెలుతురు కనబడేంత. మావారు బెంబేలెత్తి, గట్టిపడే ఎపాక్సీ లప్పం రెండు డబ్బాలు కొనుక్కొచ్చారు, అన్నీ పూడ్చేద్దామని. పెద్దాయన పరుగున వచ్చి ఆపాడు. ఎండిన చెక్క నీళ్లల్లోకి దిగగానే ఉబ్బుతుంది, సందులు వాటంతటవే మూసుకుంటాయి. మధ్యలో రాయిలాంటి లప్పం ఉంటే ఉబ్బే చెక్కకి చోటుండదు, మేకులు లాగేసి బద్దలు విరిచేస్తుంది.

అదే రాత్రి ఈ సంగతి వీడియో కాల్‌లో అమ్మకి చెప్తే నవ్వింది. "ఎండాకాలంలో బండి చక్రాలు చెరువులో పడేసేవాళ్లం కాదుటే? మర్చిపోయావా?" అంది. నిజమే, చక్రం ఎండి పట్టా వదులైతే నీళ్లలో నానేసేవారు. అమ్మ పుట్టిల్లు తాళ్లరేవు దగ్గర. పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడ చెక్క ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1839 తుఫానుకి ఆ రేవు కొట్టుకుపోయింది. అక్కడి ఓడలెక్కి వెళ్లినవాళ్ల మూలంగానే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. నేనా ఊరి మనవరాల్ని, ఓడ అడుగుకి ఏముంటుందో ఎసెక్స్‌లో ఒక తెల్లాయన దగ్గర నేర్చుకుంటున్నాను. "వాడని దోనెని కాలవలో ముంచి పెట్టేవారు, ఎండకి వదిలేసేవారు కాదు. మీ ఆయనకి చెప్పు" అంది అమ్మ. చెప్పాను. ఆయన నోటుబుక్కులో లెక్కల పేజీ వెనక రాసుకున్నారు.

రెండో శీతాకాలానికి లెక్క 5,600 దాటింది. అందులో సగానికి పైగా అద్దే, చెక్క కాదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. పడవ బాగుచేయడంలో ఖరీదైనది కలప కాదు, ఆలస్యం. విరిగిన బద్దలు పదకొండూ అలాగే ఉన్నాయి. ఇంకా 1,600 కావాలి, మా గీతలో మిగిలింది 400. బాగైనా ఆ పడవ రెండు మూడు వేలకి మించి అమ్ముడుపోదు.

ఆ రోజుల్లోనే యార్డులో ఒకావిడ నాకు ఆన్ డేవిసన్ పుస్తకం ఇచ్చింది. రాత్రి డ్యూటీల్లో బ్రేకులో చదివాను. ఆన్, ఆమె భర్త ఫ్రాంక్ రెండో ప్రపంచయుద్ధం తర్వాత రిలయన్స్ అనే 70 అడుగుల పాత చేపల పడవ కొన్నారు. బాగుచేసి ప్రపంచం చుట్టి రావాలని. ఉన్నదంతా దానికే పోయింది, అప్పులు పెరిగాయి, పడవ జప్తయ్యే పరిస్థితి వచ్చింది. 1949లో పని పూర్తికాకుండానే అప్పులవాళ్ల నుంచి తప్పించుకుని సముద్రంలోకి వెళ్లిపోయారు. రోజుల తరబడి గాలివానల్లో కొట్టుకుని, పోర్ట్‌లాండ్ బిల్ దగ్గర రాళ్లకి తగిలి పడవ పోయింది. ఫ్రాంక్ పోయాడు. ఆమె ఒక్కతే ఒడ్డుకి చేరింది. మూడేళ్ల తర్వాత అదే మనిషి ఫెలిసిటీ ఆన్ అనే 23 అడుగుల చెక్క పడవలో ఒంటరిగా ప్లిమత్‌లో బయల్దేరి, 1953 జనవరిలో వెస్టిండీస్ చేరింది. అట్లాంటిక్‌ని ఒంటరిగా తెరచాప పడవలో దాటిన మొదటి స్త్రీ ఆమే. ఆ చిన్న పడవ కూడా తర్వాత పాడుబడితే, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో పడవలు కట్టడం నేర్పే బడివాళ్లు బాగుచేసి 2018లో మళ్లీ నీళ్లలోకి దించారు.

అందరూ ఆమె ధైర్యం గురించి చెప్తారు. తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్‌లో కూర్చున్న నాకు మాత్రం ముందు పడవ, ఆ అప్పులే కనబడ్డాయి. ఇద్దరిలో ఒక్కరైనా "ఇక చాలు, అమ్మేద్దాం" అని ఎప్పుడనాల్సింది? అనుంటే ఏమయ్యేది? ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. "గీత గీతే. ఇంకో పౌండు నా జీతంలోంచి రాదు. విరగ్గొట్టించే ఖర్చు ఎంతో కనుక్కోండి" అన్నాను.

ఆయన వాదించలేదు. అప్పటికి ఉద్యోగం రాలేదు, వారానికి మూడు రోజులు ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నారు. వారం తర్వాత పుస్తకంలో కొత్త వరస కనిపించింది. జమ, 1,200. పెళ్లికి ముందు నుంచీ దాచుకున్న కెమెరా, లెన్సులు అమ్మేశారు. ఈసారి ముందు నన్ను అడిగే అమ్మారు. ఆ కెమెరాతోనే మా పెళ్లయిన కొత్తలో ఫొటోలన్నీ తీసింది. "వద్దు" అందామని నోటిదాకా వచ్చి ఆగాను. ఆ డబ్బు ఆయనది.

బద్దలు వంచిన మూడు రోజులూ మా ఇంట్లో పండగలా ఉంది. ఓక్ బద్దని ముందు నానబెట్టి, పొడవాటి చెక్క పెట్టెలో పెట్టి ఆవిరి పట్టాలి. అంగుళం మందానికి గంట లెక్క. వాల్‌పేపర్ ఊడదీసే ఆవిరి యంత్రం అందుకు సరిపోయింది. మా ఇడ్లీపాత్ర సిద్ధాంతమే, కాకపోతే ఎనిమిదడుగుల ఇడ్లీ! బయటికి తీశాక అరనిమిషం కూడా టైముండదు. ఆలోపు లోపలికి పరిగెత్తి వంపులోకి నొక్కి బిగించాలి, ఆలస్యమైతే ఫటేల్మని విరుగుతుంది. మావారు లోపల, నేను పెట్టె దగ్గర, మధ్యలో పాప చేతులకి ఓవెన్ గ్లౌజులు తొడుక్కుని. మొదటిరోజు నాలుగు విరిగాయి. "నాన్నా, పరిగెత్తేటప్పుడు ఆలోచించకు" అని అరిచింది పాప. రెండోరోజు ఒకటే విరిగింది. యూనివర్సిటీ నుంచి సెలవులకొచ్చిన పిల్ల, రాత్రి తొమ్మిదింటికి ఉప్మా తింటూ అలాగే నిద్రపోయింది.

జూన్‌లో నీళ్లలోకి దించాం. అంతకుముందు రెండు వారాలు లోపలంతా తడి గోనెపట్టాలు పరిచి, రోజూ ఉప్పునీళ్లు చల్లాం. అయినా క్రేను పట్టీల్లో వేలాడుతూ అడుగు నీళ్లకి తగలగానే ప్రతి సందులోంచీ నీళ్లు. ఎంత ముందే చెప్పినా కళ్లతో చూస్తే గుండె జారుతుంది. రాత్రంతా పట్టీలు తీయకుండా అలాగే ఉంచుతామన్నారు యార్డువాళ్లు. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటే సరే, లేకపోతే పొద్దున్నే పైకి తీసేస్తారు, కథ అయిపోయినట్టే.

ఆయన చేతిపంపు కొడుతుంటే నేను టార్చి పెట్టుకుని ఒక కాగితం మీద చార్టు గీశాను, వార్డులో రోగి ఎన్ని నీళ్లు తాగాడు, ఎన్ని బయటికి పోయాయి అని రాసినట్టే. రాత్రి పదకొండు నుంచి గంటలో మూడు వందల పది తోపులు. ఒంటిగంటకి రెండు వందల ఎనభై. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడింటికి నూట అరవై. నాలుగింటికి తొంభై. ఆయన చేతులు బొబ్బలెక్కితే నేను తీసుకున్నాను. అయిదింటికి నలభై అయిదు. అప్పటికే తెల్లారిపోయింది, బురద వాసన, ఎక్కడో పక్షి అరుస్తోంది.

ఆరింటికి ఇరవై రెండు. క్రేనతను వచ్చి, పైకా కిందకా అని బొటనవేలితో అడిగాడు. మావారు నా వైపు చూశారు. నేను కింద అని చూపించాను. ఏడున్నరకి షిఫ్టు ఉంది, బురద కాళ్లతోనే కారెక్కి వెళ్లిపోయాను.